మామ నేలకు పోసిన మొదటి గ్లాసు

మా మేనమామ పోయాడని వెంకటాచలం నుంచి వచ్చిన బస్సు కండక్టరు మా గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి మద్రాసు రోడ్డు మీది ఆయన కాఫీ హోటలు ముందు జనం బాగానే ఉన్నారు. సగం మంది చేతుల్లో టీ గ్లాసులు. ఎదురు బంకులో కొనుక్కుని, తాగుతూ ఇవతలికొచ్చి, అలాంటి కాఫీ ఇక దొరకదని నిట్టూరుస్తున్నారు. ఇన్నేళ్ళూ ఆ కాఫీ తాగకుండా వీళ్ళ కాళ్ళు ఎవరు కట్టేశారో! నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

మామ నోరు మంచిది కాదు. ఆ మాట నేనే ముందు చెప్పేస్తాను, లేకపోతే వీళ్ళు ఆయన్ని దేవుణ్ణి చేసేస్తారు. కాఫీ పలచగా కావాలన్నవాడికి పెరట్లో బావి చూపించేవాడు. పంచదార రెండోసారి అడిగితే మొహం తిప్పుకునేవాడు. ఆడపిల్ల హోటల్లో కూర్చోవడమేమిటని ఒక పెద్దమనిషి నన్ను చూసి సణిగితే, ఆయన్ని లేపి పంపించి, నాకు గల్లాపెట్టె పక్కనే స్టూలు వేయించాడు. కాలేజీ చదువు రోజుల్లో నా పాఠాలు సగం ఆ స్టూలు మీదే చదివాను.

కొండల్లో తోటల నుంచి వచ్చే గింజల్ని నెల్లూరు వర్తకుడి దగ్గర తెచ్చుకుని, తెల్లవారగానే తనే వేయించి, మరలో పట్టి, డికాక్షన్ దించేవాడు. మొదటి గ్లాసు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పాలూ పంచదారా లేకుండా వాకిట్లో నేల మీద పోసి దణ్ణం పెట్టుకునేవాడు. హోటలు పెట్టినవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఎదురు బంకువాడూ పోసేవాడు, నిన్నటి పిప్పిని మళ్ళీ కాచిన నీళ్ళు. భూదేవి దగ్గర కూడా కక్కుర్తేనా అని మామ వాడికి వినబడేలాగే అనేవాడు.

టీ మా రోడ్డు మీదికి కంపెనీ వ్యానులో వచ్చింది. మైకు పెట్టి, పింగాణీ కప్పుల్లో ఊరికే పోశారు. సంగం వైపు నుంచి ధాన్యం తోలుకొచ్చిన బండివాళ్ళూ, సముద్రం ఒడ్డు నుంచి చేపల గంపలతో వచ్చినవాళ్ళూ వరస కట్టారు. ఆ వరసలో మా నాన్న కూడా ఉన్నాడు. తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. మామ గల్లా దగ్గర నుంచి కదలకుండా చూశాడు.

"వాడు టీ పోయడంలేదు పాపా, నారు పోస్తా ఉండాడు. కోతకు మళ్ళా వస్తాడు" అన్నాడు నాతో.

అన్నట్టే వచ్చారు. ఊరికే పోసినవాళ్ళే టీపొడి డబ్బాలు అమ్మడం మొదలుపెట్టారు. ఇటు కాఫీ గింజకూ తెగులు పట్టింది. వర్తకుడు నలిగిన గింజలు, నల్లబడిన గింజలు పంపించి, మంచివన్నీ ఓడలెక్కి పోతున్నాయని తాపీగా చెప్పాడు. ఏదో పరాయి దేశంలో మంచు కురిసి తోటలు మాడాయట, అందుకని ఇక్కడ ధర పెంచాడు. తర్వాత అక్కడ పంట విరగపండిందట, అయినా ధర దిగలేదు. పైగా మామకు ఒక ఉపాయం చెప్పాడు. చికోరీ అనే వేరును వేయించి దంచిన పొడి, అందులో ఇంత మాడబెట్టిన బెల్లం, కాఫీ పేరుకు పిడికెడు. దొరలు కూడా అదే తాగుతారట. దొరలు తాగితే గొప్పదయిపోతుందా అని మామ ఆ పొట్లం వాడి ఒళ్ళోకే విసిరేశాడు.

కానీ లారీలు, టీ పెట్టిన ఎదురు బంకు దగ్గర ఆగడం మొదలుపెట్టాయి. హోటలు నిలబడాలంటే కలపక తప్పదని మామ కొడుకు, మా బావ, రోజూ పోరేవాడు. "నేను మంచాన పడినాక నీ ఇష్టం. నేను నిలబడి ఉన్నన్నాళ్ళూ కుదరదు" అనేశాడు మామ. కిందటి వానాకాలం నిజంగానే మంచాన పడ్డాడు.

బావ ఆ వారమే చికోరీ, మాడబెట్టిన బెల్లం కలపడం మొదలుపెట్టాడు. తండ్రికి మాత్రం మంచి పొడి చిన్న డబ్బాలో విడిగా ఉంచి, దానితోనే కాఫీ ఇచ్చేవాడు. ఆ తెలివికి ఊరంతా మెచ్చుకుంది. మామ ముక్కు మంచాన పడలేదని ఎవరికీ తోచలేదు. నేను చూడడానికి వెళ్ళినరోజు బావ తెచ్చిన గ్లాసును చేత్తో పక్కకు జరిపాడు.

"అందరికీ పోసేదే నాకూ తేరా."

బావ తెచ్చాడు. మామ గ్లాసంతా తాగాడు, ఒక్క గుటక కూడా వదల్లేదు. అరుస్తాడని నేను భయపడ్డాను. అరిచి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి పోయేదాకా మజ్జిగ తప్ప ఏమీ అడగలేదని మా అత్త చెప్పింది.

పెద్దకర్మ మర్నాడు హోటలు తెరిచారు. చిన్న డబ్బాలో మామ పొడి ఇంకా మిగిలే ఉంది. ఆ ఒక్కరోజైనా బావ నేలకు దానితో దించినది పోస్తాడనుకున్నాను. అందరికీ దించిన పెద్ద గిన్నెలోంచే ముంచి వాకిట్లో పోసి, దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మా నాన్న మొదటి బేరం. చప్పరించి, ఇన్నాళ్ళకు చిక్కగా కుదిరింది, అచ్చం మీ నాయన చెయ్యే వచ్చింది నీకని బావ భుజం తట్టాడు.

నేను తాగకుండా వాకిట్లోకి వచ్చేశాను. మామ పోసిన నేల మీద నా ఎరుకలో ఎప్పుడూ చీమ చేరలేదు. ఇప్పుడు ఆ తడి చుట్టూ, మాడిన బెల్లం వాసనకు, చీమలు బారుగా వస్తున్నాయి.