థియో కోనెన్ ఖాళీ చేయించిన ఊరు

థియో కోనెన్ పంతొమ్మిదో ఏటే క్రైస్తవ సంప్రదాయ పార్టీలో చేరాడు. పగలు పోస్టాఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు పార్టీ పని. ఇరవై రెండేళ్లు పురపాలక సభలో సభ్యుడిగా ఉన్నాడు. అతని మాటలు ఊరందరికీ కంఠతా వచ్చు. ఆదివారం దుకాణాలు తెరవకూడదు, పసిపిల్లల బడి చర్చి చేతుల్లోనే ఉండాలి, బొగ్గు గని ఆగకూడదు.

"గని ఉంటేనే మన కుర్రాళ్లకు పని. కరెంటు కోసం ఇంకో దేశం ముందు చెయ్యి చాపమంటారా?" అనేవాడు. నేలను పైనుంచే తవ్వుకుంటూ ముందుకు జరిగే ఆ గని కోసం చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతుంటే, ఆ తీర్మానాలన్నిటికీ సరేనన్నాడు.

చివరికి వాళ్ల ఊరు వీరెన్‌రాత్ వంతు వచ్చింది.

పొరుగూళ్లకు చెప్పిన మాట సొంత ఊరికి చెప్పకపోతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి అనుకున్నాడు థియో. ఇల్లు గనికి ఇచ్చేసే కాగితం మీద అందరికంటే ముందు తానే సంతకం పెట్టి, ఇల్లిల్లూ తిరిగాడు. చాలామంది అతని మీద నమ్మకంతోనే, గని వాళ్లు కట్టించిన కొత్త ఊరికి కదిలారు. మొరాయించింది చెల్లెలు ఆగ్నెస్. భర్త పోయాక ఆమె పుట్టింట్లోనే ఉంటోంది.

"అమ్మ సమాధి కూడా తవ్వుతారటగా అన్నయ్యా?"

"కొత్త ఊళ్లో చక్కగా పెడతారే. ఫాదర్ దగ్గరుండి చూసుకుంటారు."

"చక్కగానా! పోయి ముప్పై ఏళ్లయిన మనిషి చేత ఇల్లు మార్పిస్తున్నావు. నీకు ఓట్లు వేసింది ఇందుకా?"

"చట్టం అలా ఉంది ఆగ్నెస్. ఇవాళ కాకపోతే రేపైనా వెళ్లాల్సిందే."

"అయితే రేపే వెళ్తాను. ముందు నువ్వు బయల్దేరు."

సమాధి తవ్విన రోజు చుట్టూ తెరలు కట్టారు. బయట వానలో టోపీ తీసి నిలబడింది థియో ఒక్కడే. ఆ ఏడాది చివరికి ఆగ్నెస్ కూడా పోరాడలేక కొత్త ఊళ్లో రెండు గదుల వాటాలో దిగింది.

నాలుగేళ్లు గడిచాయి. థియో పార్టీ పెద్దలే బొగ్గు తవ్వకం అనుకున్న గడువుకంటే ముందుగానే ఆపేస్తున్నామని ప్రకటించారు. గని వీరెన్‌రాత్‌కు నాలుగు వందల మీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. ఇళ్లు అలాగే ఉంటాయి. వాటిలో మనుషులే లేరు.

రొట్టెల దుకాణంలో వరుసలో ఉండగా థియోకి ఆ వార్త తెలిసింది.

"మీకు ముందే తెలుసు కదా కోనెన్ గారూ?" అంది దుకాణం ఆవిడ.

"ఒట్టు, తెలియదమ్మా."

ఆవిడ రొట్టె చుట్టి ఇచ్చి, వెనకున్న వాళ్లను పిలిచింది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చెల్లెలి తలుపు కొట్టాడు.

"ఇల్లు మళ్లీ కొనుక్కోనిస్తారట. అర్జీ నేను రాస్తాను. నువ్వు వెళ్లి ఉండు."

ఆగ్నెస్ కాఫీ పోసి అతని ముందు పెట్టింది.

"వెళ్లి ఎవరితో మాట్లాడను? ఎదురింటి వాళ్లు లేరు. చర్చికి తాళం. అమ్మ ఇక్కడుంది."

"నేను నమ్మిందే చెప్పానే. అబద్ధమాడలేదు."

"తెలుసు అన్నయ్యా. అబద్ధాలకోరువైతే నీ మాట ఎవరూ వినకపోయేవాళ్లు."

అతను కాఫీ తాగకుండానే లేచాడు.

తర్వాతి ఎన్నికల్లో థియో నిలబడలేదు. పార్టీని మాత్రం వదల్లేదు. సేవకు మెచ్చి ఇస్తామన్న పతకం అందుకోవడానికి వెళ్లకపోతే, వాళ్లు పోస్టులో పంపారు. ఆదివారాలు కొత్త చర్చిలో చివరి బల్ల మీద ఒక్కడే కూర్చునేవాడు. ప్రార్థన ముగిశాక ఆగ్నెస్ అతనికి తల ఊపి, పక్క గుమ్మం గుండా వెళ్లిపోయేది.