నేరుగా వెళ్లే విమానం

ఏళ్ల తరబడి ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా దాన్ని దాటేసి మిగతావే మొక్కుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

హైటెక్ సిటీలో మేం పనిచేసిన ఫ్లోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. బయట లాకర్లో పెట్టాలి. లోపలి సిస్టమ్‌లలో ఇంటర్నెట్ ఉండదు. టీమ్ లీడ్‌ని కాబట్టి నా ఒక్కదానికే ఇచ్చారు. అందుకే ఎవరు ఊరెళ్లాలన్నా టికెట్లు చూడమని నా సీటు దగ్గరికే వచ్చేవారు. ఆ రోజు లావణ్య కూడా అలాగే వచ్చింది.

లావణ్యది నానక్‌రామ్‌గూడ. చేరిన రోజు నుంచి నన్ను అక్కా అనే పిలిచేది. ఆమె సొంత అక్క పెళ్లయ్యాక గువాహటిలో ఉండేది. కాన్పయ్యాక ఆమె పరిస్థితి విషమించిందని, లావణ్య భోజనానికి బయటికెళ్లినప్పుడు బావ ఫోన్ చేసి చెప్పాడట.

"అక్కా, జర చూడు. గువాహటికి ఎంతసేపు పడ్తది? ఇప్పుడే బయల్దేర్తే ఇయ్యాల చేరుతనా?"

స్క్రీన్ నా వైపు ఉంది. సాయంత్రం నేరుగా వెళ్లే విమానం కనిపించింది. మూడు గంటల ప్రయాణం. సీట్లున్నాయి. కానీ మర్నాటికి మా పని క్లయింటు చేతికి వెళ్లాలి. అందులోని చిక్కు విప్పగలిగింది లావణ్య ఒక్కతే. అది గట్టెక్కితే ప్రమోషన్ నాదేనని మేనేజర్ మాటిచ్చాడు.

"నేరుగా ఏదీ లేదమ్మా. కోల్‌కతాలో మారాలి. ఇవాళ బయల్దేరినా చేరేది రేపే. పని ముగించి పొద్దున్నే వెళ్లు. ఆస్పత్రిలోనే ఉందిగా, వాళ్లు చూసుకుంటారు."

"నువ్వు చెప్తే సరే అక్కా."

లాకర్ దగ్గరికెళ్లి తన ఫోన్‌లో చూసుకోవచ్చు. చూసుకోలేదు. నేను చూశాక ఇంకెందుకనుకుంది. కళ్లు తుడుచుకుని వెళ్లి పనిలో కూర్చుంది.

మర్నాడు తెల్లారేసరికి వాళ్లక్క పోయింది.

అప్పుడైనా నిజం చెప్పానా? ఆ పొద్దున కూడా నేరుగా వెళ్లే విమానం ఉంది. అది ఎక్కితే ఆఖరిచూపు దక్కేది. నిన్న లేనిది ఇవాళ ఎలా వచ్చిందని అడిగితే ఏం చెప్పను అన్న భయంతో, కోల్‌కతా మీదుగానే టికెట్ తీసి నా చేతులతో ఇచ్చాను. ఆ ఎయిర్‌పోర్టులో గంటల తరబడి ఒంటరిగా కూర్చుందట. చేరేసరికి దహనం అయిపోయింది. మొదటి అబద్ధం ఉద్యోగం కోసమని ఎప్పుడైనా నాకు నేను సర్దిచెప్పుకుంటాను. రెండోదానికి ఏమని సర్దిచెప్పుకోను?

ప్రమోషన్ మేనేజర్ తన మనిషికి ఇచ్చుకున్నాడు. నమ్మించి గొంతు కోశాడని క్యాంటీన్‌లో వెక్కి వెక్కి ఏడ్చాను. నా వీపు నిమిరి ఓదార్చింది ఎవరనుకున్నారు? లావణ్యే. ఆ చెయ్యి తీసెయ్యమనలేకపోయాను.

తర్వాత ఆమె పెళ్లిలో అక్క చేయాల్సినవన్నీ నాతోనే చేయించింది. నలుగు పెట్టాను. మా అక్క పోయినా దేవుడు ఈ అక్కనిచ్చాడని అత్తవారికి చూపించింది. నేను నవ్వి ఫొటో దిగాను.

చెబితే నా బరువు దిగుతుంది, ఆమెకు ఈ అక్క కూడా లేకుండా పోతుంది. ఆమె కోసమే ఆగుతున్నానా? కాదు, పిరికిదాన్ని. విమానం ఉందని తెలిసే లేదన్నాను. రెండుసార్లు. ఈ మాట ఇన్నాళ్లకు రాయగలిగాను. వినాల్సిన మనిషి మాత్రం మీరు కాదు.