మరమనిషికి ఎంగిలి నేర్పిన రైటర్ గారు

మీ మేడ మీదో, మీ గోడ అవతలో ఉండే పెద్దాయన ఇవాళ పోతే, ఆయనతోపాటు ఏమేం పోతాయో మీరు చెప్పగలరా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నేను చెప్పలేకపోయాను. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున శ్రీనగర్ కాలనీలో ఒక మిఠాయి దుకాణానికి బోర్డు రాస్తున్నాను. ఒక అక్షరం అయింది, రెండోది సగంలో ఉంది. దుకాణం ఆయన లోపల ఫోను పెట్టేసి బయటికొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "మీ ఇంటికాడికెల్లి ఫోను. మేడ మీది రైటర్ సార్ పోయిండంట. జర కిందికి దిగు" అన్నాడు. దిగాను. ఆ బోర్డు ఇంకా అట్లనే ఉంది.

రైటర్ గారు అంటే ఎవరో పెద్ద పేరున్న మనిషి అనుకోకండి. తెర మీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. పెద్ద రచయితల గదుల్లో కూర్చుని నవ్వించే సీన్లు నోటితో చెప్పేవారు, వాళ్ళు రాసుకునేవారు. సినిమా వాళ్ళంతా మద్రాసు నుంచి ఇక్కడికి సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో ఆయనా వచ్చి, యూసుఫ్‌గూడలో మా పై వాటాలో దిగారు. అప్పటికే భార్య లేదు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక పడక కుర్చీ, అంతే సంసారం.

నేను వారమంతా బోర్డులు రాసి, ఆదివారం మా వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టి బైబిలు వాక్యం చెప్పేవాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. గ్రంథం ముందు పెట్టుకుని, కూడబలుక్కుని, నాకు నేనే నేర్చుకున్నాను. గొంతు మాత్రం పెద్దది. ఆయన వచ్చిన మొదటి ఆదివారం పిట్టగోడకు ఆనుకుని గంటన్నర విన్నారు. అయ్యాక మెట్లు దిగొచ్చి, "ప్రసంగం బాగుంది బ్రదరూ. మధ్యలో ఇంటర్వెల్ లేదు, అదొక్కటే లోటు" అన్నారు.

ఆయనకు సొంత కథ ఒకటే ఉండేది. టీవీకి పదమూడు వారాల హాస్య సీరియల్. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా. అందులో ఒక ముసలి బట్లర్, నవాబుల దేవిడీల్లో పనిచేసి వచ్చినవాడు. బల్ల మీద చెంచా అర అంగుళం పక్కకు జరిగితే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. యజమానేమో గ్రానైటు వ్యాపారంలో కొత్తగా పైకొచ్చిన మనిషి, టీ సాసర్లో పోసుకుని జుర్రుతాడు. ఒకరోజు ఆ యజమాని ఎగ్జిబిషన్లో చూసి ముచ్చటపడి ఒక మరమనిషిని కొనుక్కొచ్చి, దీనికి పని నేర్పమని బట్లర్‌కు అప్పజెప్పుతాడు. అదీ కథ.

ఆ కథను ఆయన మా మెట్ల మీద ఆడి చూపించేవారు. బట్లర్ అయితే ముంజేతి మీద తువ్వాలు వేసి గడ్డం పైకెత్తేవారు. మరమనిషి అయితే రెప్ప వేయడం మానేసేవారు, అంతే. నా భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టి నవ్వేది.

పదేళ్ళపాటు ఈ కథను ఫిలింనగర్ ఆఫీసుల్లో చెప్పి వచ్చారు. ఒకాయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "అద్భుతం అండీ. ఆ బట్లర్ని తీసేసి హీరోయిన్ని పెడదాం. మరమనిషికి ఒక పాట" అన్నాడట. ఆ రోజు కొండ దిగి నడిచొచ్చి, చెప్పులు విడుస్తూ నాతో అన్నారు: "నవ్విన నిర్మాత తీయడు బ్రదరూ. నవ్వకుండా ఫ్యాను వైపు చూసేవాడు తీస్తాడు. వాడు ఇంకా నాకు దొరకలేదు."

ఇక్కడ సినిమా వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. అమ్ముడుపోనిదే కథను కాగితం మీద పెట్టరు. పెడితే పరాయిదైపోతుందని భయం. చివరి ఘట్టమైతే మాట ఖాయమయ్యేదాకా నోటితో కూడా చెప్పరు. "అది కూడా చెప్పేస్తే ఇంక నన్ను మళ్ళీ ఎందుకు పిలుస్తారు?" అనేవారు రైటర్ గారు. మా మెట్ల మీదా అదే పద్ధతి. పన్నెండు వారాలు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. పదమూడోది వినలేదు.

"ముసలాయన సచ్చిపోతడా సార్, బతుకుతడా? గదొక్కటి చెప్పుండ్రి" అని నా భార్య బతిమాలేది.

"తీసిన రోజున చెప్తానమ్మా. నువ్వు ముందు వరసలో కూర్చో."

నాకు మాత్రం ఆ కథ గిట్టేది కాదు. మనిషి చేతులతో చేసిన బొమ్మకు నోరు పెట్టడమేంటని నా మంట. ఒక ఆదివారం పిట్టగోడ వైపు చూస్తూనే గర్జించాను, ఇనుముకు మాటలు నేర్పి నవ్వుకునేవాళ్ళ మీద. మర్నాడు ఆయన పాల గిన్నెతో దిగి, "నిన్నటి ప్రసంగంలో నాది విలన్ వేషమా, కమెడియన్ వేషమా?" అని అడిగారు.

"మీ గురించి కాదు సార్" అని అబద్ధం చెప్పాను.

"కమెడియన్నే చెయ్యవయ్యా. విలన్‌కైతే చివర్లో దెబ్బలు పడతాయి."

ఆయన ఏడో వారం కథ మీకు చెప్పాలి. ఒక అతిథి సగం తాగి పెట్టిన గ్లాసును మరమనిషి తీసుకెళ్ళి ఇంకో అతిథికి ఇస్తుంది. ఇల్లంతా గోల. దానికి ఎంగిలి అంటే ఏమిటో నేర్పాలని బట్లర్ పూనుకుంటాడు.

"ఎంగిలి అంటే మురికా అయ్యా?"

"కాదు."

"కడిగితే పోతుందా?"

"పోతుంది. అంటే, పూర్తిగా పోదు."

"బాబు కొరికిన జామకాయ అమ్మగారు తిన్నారు కదా?"

"అది ఎంగిలి కాదు."

"ఎందుకు కాదు?"

బట్లర్ బల్ల మీద సరిగ్గా ఉన్న చెంచానే మళ్ళీ సర్దుతాడు. చివరికి మరమనిషి అంటుంది: "నాకు నోరు లేదు. నేను ముట్టింది ఎప్పటికీ ఎంగిలి కాదు. అంటే అందరికన్నా నేనే శుభ్రమా అయ్యా?" బట్లర్ తువ్వాలు మడతపెడతాడు. "కాదురా. నీ పళ్ళెంలో చెయ్యి పెట్టి తినేవాళ్ళు నీకెవరూ లేరని అర్థం" అంటాడు.

ఎవరూ పక్కన కూర్చోనివాళ్ళతో కూర్చుని రొట్టె తిన్న నా ప్రభువు గురించి నేను ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నాను. ఈయన అదే సంగతి అరగంటలో నవ్విస్తూ చెప్పేశారు. ఆ మాట ఆయనతో అని ఉండాల్సింది. అనలేదు. సాటి బోధకుణ్ణి ఒప్పుకోవడం బోధకుడికి కష్టం.

పోయిన ఏడాది ఆయన చేతులకు వణుకు వచ్చింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. ఒకరోజు నేను నంబరు ప్లేటు రాస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "నీ అక్షరం ముత్యంలా ఉంటుంది బ్రదరూ. నేను చెప్తాను, నువ్వు రాయి. రోజుకో వారం, పదమూడు రోజుల పని. ఆఖరిది కూడా చెప్పేస్తాను" అన్నారు.

పద్ధతి తప్పని మనిషి, తన పద్ధతిని నా చేతుల్లో పెట్టారు. నేనేమన్నానో తెలుసా? "ఈస్టర్ అయిపోనీయుండ్రి సార్." ఈస్టర్ అయింది. "మీటింగులు అయిపోనీయుండ్రి" అన్నాను. అవీ అయ్యాయి. "వానలు తగ్గనీయుండ్రి." నాలుగోసారి ఆయన అడగలేదు. ఎదురుపడితే, "ఏం బ్రదరూ, దేవుడి పని ఎంతదాకా వచ్చింది?" అనేవారు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగా కనుక్కోవడమే. అదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

దినం అయ్యాక ఆయన చెల్లెలు ట్రంకు పెట్టెలు తెరిచింది. బట్టలు, కళ్ళజోళ్ళు, భార్య ఫోటో. కథ తాలూకు కాగితం ముక్క లేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు నేనూ నా భార్యా రెండొందల పేజీల నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నాం. మూడో వారంలోది తొమ్మిదో వారంలో కలిసిపోతోంది. "తువ్వాలు ఎడమ చేతి మీద" అంటాను, "కుడి" అంటుంది. నవ్వు రావాల్సిన చోట రావడం లేదు. ఆయన రెప్ప వేయకుండా ఆగిన ఆ ఆగడాన్ని ఏ అక్షరంతో రాయాలో ఇన్నేళ్ళ బోర్డుల పనిలో నేను నేర్చుకోలేదు. "ఆఖర్లో ముసలాయన బతికిండని రాయి" అంటుంది నా భార్య. నా చెయ్యి రావడం లేదు. అలసిపోయాను. ప్రార్థనలోనూ పదమూడో వారమే అడుగుతున్నాను.

అన్నలారా, అక్కలారా, ఈ ఆదివారం నా ప్రసంగానికి రాకపోయినా ఫరవాలేదు. మీకు తెలిసిన ఆ పెద్దాయన, ఆ పెద్దమ్మ ఉన్న చోటికి పోండి. వాళ్ళు చెప్పేది నవ్వులాటే కానీ, ఉత్త పిచ్చి ముచ్చటే కానీ, అది దేవుడి పనికి అడ్డమనుకోకండి. ఒక కాగితం, ఒక పెన్ను పట్టుకుని వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోండి. కథ మొదలు రేపు చెప్పించుకోవచ్చు. ముందుగా, చివర ఏమవుతుందో అడగండి. ఇవాళే అడగండి, ఇది చదవడం ఆపి, ఇప్పుడే లేచి పోండి.