మామ్మ వాము డబ్బా

ఈ ఉదయం వాము డబ్బా మూత తీయగానే ఘాటు ముక్కుకు తగిలి తుమ్ము వచ్చింది. నిన్న సాయంత్రం తిన్న అలసంద వడలు ఇంకా కడుపులోనే బిగుసుకుని కూర్చున్నాయి. ఈ వయసులో అవి పడవని తెలిసే తిన్నాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. చిటికెడు వాము అరచేతిలో పోసుకుని, రెండు కల్లుప్పు పలుకులు చేర్చి, బొటనవేలితో నలిపి, ఉఫ్ మని ఊది పొట్టు ఎగరగొట్టి నోట్లో వేసుకున్నాను. ఆ నలపడం, ఆ ఊదడం మా మామ్మవి. డబ్బా కూడా మామ్మదే, ఎప్పుడో బిస్కెట్లతో వచ్చిన రేకు డబ్బా. మీద బొమ్మ ఉండేదని గుర్తుంది గానీ అది గుర్రమో కుక్కో చెప్పలేను, అంతా అరిగి తెల్లరేకు తేలింది. రాజమండ్రిలో నా వంటింటి అలమరలో గాజు సీసాల మధ్య అదొక్కటే సొట్టల మూతతో ఉంటుంది.

మా ఊరు పెద్దాపురానికి బస్సులో అరగంట. మా నాన్నగారు తునిలో గుమస్తా ఉద్యోగం చేస్తూ అక్కడే గదిలో ఉండి శనివారాలు వచ్చేవారు. ఇంట్లో తాతగారు, మామ్మ, అమ్మ, నేను, మా చెల్లి. తాతగారు మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, ఎవరినీ నొప్పించి ఎరగరు. మామ్మ మాత్రం ఊరందరి కడుపులకీ తనే పూచీ అన్నట్టుండేది. పసిపిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడంటే తమలపాకుకి ఆముదం రాసి దీపం సెగ చూపించి పొట్ట మీద వేసేది. చిక్కుళ్ళ కాలంలో కూరలో ఇంగువ, పెసరట్టు మీద అల్లం జీలకర్ర, వానాకాలమంతా మజ్జిగలో శొంఠి, కంద వండిన రోజున మొదటి ముద్ద తప్పకుండా వేయించిన వాము పొడి, నెయ్యి వేసి కలిపిన అన్నం. పనసపండు కోసిన రోజున ఎన్ని తొనలు తిన్నామో గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టి, ఆరు దాటితే చెయ్యి పట్టుకుని లేపేసేది. శొంఠి లేని కషాయం లేదని ఊరూ వాడా అంటారు గానీ మా ఇంట్లో వాము లేని పూట లేదు. క్రిస్మసుకి జంతికల పిండిలో గుప్పెడు వాము పోస్తే నూనెలో వేగేటప్పుడు ఆ వాసన వీధి చివర తొక్కుడుబిళ్ళ ఆడుతున్న మమ్మల్ని చెయ్యిపట్టి లాక్కొచ్చేది.

తాతగారి భోజనం గురించి చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కంచం చుట్టూ గిన్నెల్ని ఒకసారి చూసుకుని మొదలుపెడితే గంట. పప్పులో ఒక కథ, పులుసులో ఇంకో కథ, ఫలానా ఏడు వరదలో స్కూలు బల్లలు కాలవలో కొట్టుకుపోయిన వైనం, మజ్జిగకొచ్చేసరికి ఆ బల్లలు దొరికిన వైనం. ఆయన పక్కనే మాకూ మామ్మకీ పీటలు. అన్నం గిన్నె పట్టుకుని గోడవారన నుంచునేది అమ్మ. మావగారి ఎదుట కోడలు కూర్చోకూడదని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, మా ఇంట్లో కడబంతిలో ఉన్నది అమ్మొక్కర్తే, ఆవిడకి వడ్డించేవాళ్ళు లేరు.

మేమంతా లేచి చేతులు కడుక్కున్నాక, అంట్లు తీసి, పొయ్యి గట్టు దగ్గర కిటికీ వైపు తిరిగి, కంచం ఎడమ చేత్తో పట్టుకుని నుంచునే తినేసేది అమ్మ. ముద్ద నోట్లో ఉండగానే ఇంకో ముద్ద, మధ్యలో చెంబెత్తి గడగడా నీళ్ళు. గొంతు దిగుతున్న చప్పుడు నాకు వసారాలోకి వినిపించేది. పొద్దున్న కూడా అంతే. పక్క ఊళ్ళో టీచరుగా పనిచేసేది, ఎనిమిదీ ఇరవైకి బస్సు, ఎనిమిదింబావుకి తిండి. మధ్యాహ్నం బళ్ళో పిల్లల్ని వరస కూర్చోబెడుతూ క్యారియరు ముగించేదట. వేగంగా తినడం అమ్మకున్న గొప్ప అనుకునేదాన్ని నేను. చిన్నతనంలో ఎంత బుద్ధి ఉంటుంది.

సాయంత్రం అయ్యేసరికి అమ్మ పొట్ట ఉబ్బిపోయేది. చీర కుచ్చిళ్ళు వదులు చేసుకుని, మంచం పట్టె పట్టుకుని కాసేపు వంగి ఉండి, ఎవరైనా వస్తే నిటారుగా నుంచునేది. మామ్మ తన వైద్యమంతా ఆవిడ మీద కుమ్మరించింది. వాము, జీలకర్ర నీళ్ళు, ధనియాల కషాయం, దొడ్లో వామాకు. సంతలో కొన్న వాము నెల తిరక్కుండా అయిపోయేది. ఒక పూట తగ్గినట్టే ఉండి మర్నాటికి మళ్ళీ మామూలే.

ఉన్నట్టుండి ఒక వేసవిలో మామ్మ అమ్మకి వాము ఇవ్వడం మానేసింది. డబ్బా తీసి పై అటక మీద పెట్టింది. పెరట్లో పండిన బొప్పాయిని పొరుగింటికి పంపేసింది. అమ్మ నీళ్ళ బిందె ఎత్తబోతే తనే వచ్చి లాక్కునేది, కంచంలో అడక్కుండా మీగడ వేసేది. అమ్మకి ఏమీ అర్థం కాలేదు, అత్తగారికి తన మీద ఇంత దయ ఎందుకు కలిగిందా అని కంగారు కూడా పడింది. చర్చిలో స్త్రీల సమాజానికి వెళ్ళిన రోజున ఎవరో ఒకావిడ అమ్మ పొట్ట చూసి, "ఏంటమ్మా, విశేషమా?" అని నవ్విందనీ, అమ్మ చెప్పిన జవాబు వినకుండానే మామ్మ మురిసిపోయిందనీ తరువాత తెలిసింది. ఇద్దరు ఆడపిల్లల తరువాత ఆ మాట కోసం మామ్మ అయిదేళ్ళుగా చెవులు రిక్కించుకుని ఉంది మరి.

సంగతి బయటపడింది కుటుంబ ప్రార్థనలో. దీపాలు పెట్టే వేళకి అందరం వసారాలో చాప మీద మోకరించి తలో ప్రార్థన చేసి, తరువాత భోజనానికి లేచేవాళ్ళం. ఆ సాయంత్రం మామ్మ గొంతు సవరించుకుని, కన్నీళ్ళ పర్యంతమై, "ప్రేమగల తండ్రీ, నా కోడలి గర్భఫలమును దీవించుము, మా ఇంట మగబిడ్డను ఆడించే భాగ్యము దయచేయుము" అని అడిగేసింది. కళ్ళు తెరవకూడదని తెలిసీ తెరిచాను. అమ్మ కూడా తెరిచే ఉంది. ఆమెన్ అయ్యేదాకా ఆగి, తల దించుకునే చెప్పింది.

"అది గర్భం కాదండి, అత్తయ్యగారూ. ఉబ్బరం."

తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మామ్మ లేచి దొడ్లోకి వెళ్ళి, చీకటి పడేదాకా వామాకు మొక్క చుట్టూ కలుపు పీకుతూ ఉండిపోయింది. తిరిగొచ్చాక అటక మీంచి డబ్బా దింపి అమ్మ చేతికందేచోట పెట్టింది.

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ నన్ను వెంటపెట్టుకుని పెద్దాపురం డాక్టరమ్మగారి దగ్గరికి బయల్దేరింది. మరిడమ్మ జాతర రోజులు, బస్సులో కాలు పెట్టడానికి లేదు, చెమట వాసన, మల్లెపూల వాసన, ఎవరి గంపలోనో కోళ్ళు. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ అమ్మని ఎగాదిగా చూసి చటుక్కున లేచింది. "కూకో తల్లీ, ఒట్టి మనిషివి కాదు" అంది. అమ్మ కాదనలేదు. కూర్చుని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఊరు దాటేదాకా పమిటతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది, ఇటు తిరగలేదు. ఆ కన్నీళ్ళకి పూర్తి అర్థం నాకు పెద్దయ్యాక తెలిసింది గానీ అమ్మకి ఎవరో అన్యాయం చేస్తున్నారని మాత్రం అప్పుడే తెలిసింది, ఎవరో తెలియలేదంతే.

డాక్టరమ్మగారు నెత్తి నెరిసిన మనిషి. పొట్ట నొక్కి చూసి, వేళ్ళతో తట్టి, కాలకృత్యాల సంగతి, నెలసరి సంగతి, బరువు తగ్గిందా అన్న సంగతి అన్నీ అడిగి రాసుకుని, పరీక్షలు కూడా చేయించి, భయపడాల్సిందేమీ లేదన్నారు. అప్పుడు కలం పక్కన పెట్టి, "భోజనానికి ఎంతసేపు కూర్చుంటావమ్మా?" అని అడిగారు.

అమ్మ పమిట అంచు చూసుకుంటూ ఉండిపోయింది. నేను ఊరుకోలేకపోయాను.

"కూర్చోదండి. నుంచుని తినేస్తది."

ఆవిడ నావైపు చూసి, మళ్ళీ అమ్మని చూసి, మెల్లగా చెప్పారు. నమలకుండా మింగితే అన్నంతో పాటు గాలీ పోతుంది, చెంబెత్తి పోసుకుంటే ఇంకా పోతుంది. కూర్చో. ఇరవై నిమిషాలు తిను. తినగానే నడుం వాల్చకుండా ఒక పది అడుగులు నడువు. పప్పులు చిక్కుళ్ళు నీకు ఏది పడదో నువ్వే కనిపెట్టుకుని తగ్గించు. "వాము మంచిదే, వద్దనను. కానీ రోజూ రోజూ వాము కావలసి వస్తోందంటే తినే తీరు చూసుకోవాలి" అన్నారు. మందు చీటీ మీద అయిదు రోజులకి ఒక మాత్ర రాశారు, అంతే.

బస్టాండులో అమ్మ నాకు ముంజెలు కొనిపెట్టి, నా వేళ్ళు తుడుస్తూ అడిగింది. "ఇంట్లో చెప్పకే. తాతగారి మీదా మామ్మ మీదా చాడీ చెప్పినట్టుంటది. ఎవరికీ చెప్పనని మాటియ్యి." ఇచ్చాను. ఇంటికి వెళ్ళాక మామ్మ అడిగితే, "ఏం లేదన్నారండి. గ్యాసేనట" అంది అమ్మ, వంటింట్లోకి వెళ్తూ.

మాట ఇచ్చాను గానీ దాంతో నా కడుపు ఉబ్బింది. రోజూ చూస్తున్నాను, అదే కిటికీ, అదే చెంబు, సాయంత్రం అదే మంచం పట్టె. మందు ఉందని తెలిసి, అది ఇరవై నిమిషాల పీట అని తెలిసి, చెప్పకుండా ఎలా ఉండటం? చింతపిక్కలు ఆడుతుంటే మధ్యలో లెక్క తప్పేది. అమ్మ ఇలాగే ఉబ్బి ఉబ్బి ఒకరోజు చచ్చిపోతుందని గట్టిగా నమ్మాను. తొమ్మిదేళ్ళు నాకు.

పదో రోజో పదకొండో రోజో, సాయంత్రం ప్రార్థనలో పిల్లల వంతు వచ్చింది. చెల్లి ఎప్పటిలాగే కాకికీ పిచ్చికకీ స్తోత్రం చెప్పి ముగించింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మనుషులకి చెప్పనన్నాను, దేవుడికి చెప్పనని అనలేదు. "ప్రభువా, మా అమ్మ కూర్చుని అన్నం తినేలాగున కృప చూపించుము. నుంచుని తింటే పొట్టలోకి గాలి వెళ్తదని డాక్టరమ్మగారు చెప్పారు. తాతగారు పులుసులో కథ చెప్పేటప్పుడు అమ్మ కాళ్ళు నొప్పి పుడతాయి. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. తాతగారు ఆఖరి ప్రార్థన చెయ్యాలి, చెయ్యలేదు. చాప మీంచి లేచి, "పదండి, భోంచేద్దాం" అన్నారు. అమ్మ చూపు తగలకుండా నేను తాతగారి వెనకాలే నడిచాను.

ఆ పూట తాతగారు కథ చెప్పలేదు. పప్పు, కూర, పులుసు చకచకా కానిచ్చి, పావుగంటకి లేచి, మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకున్నారు. "ఇక నుంచి మజ్జిగ నేను అరుగు మీద తాగుతానమ్మా. గాలి బావుంటోంది అక్కడ" అన్నారు అమ్మతో. గంటసేపు తినడం తప్ప ఆ మనిషికి ఈ లోకంలో వేరే సరదా లేదు. అది వదులుకుని వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు, బతికున్నన్నాళ్ళూ అలాగే కూర్చున్నారు.

మామ్మ ఆయన పీటని కాలితో జరిపి, శుభ్రమైన కంచం పెట్టింది. "కూర్చో సుగుణా" అంది. అమ్మ కూర్చోలేదు. "కూర్చోమంటన్నాను కదా" అని భుజం పట్టి కూర్చోబెట్టి, వేడన్నం వడ్డించి, నెయ్యి వేసి, ఎదురుగా తనూ చతికిలబడింది. అమ్మ అలవాటుగా ముద్ద మీద ముద్ద పెట్టుకుంటోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "నమిలి తిను. ఎవరూ తరమట్లేదు" అని మామ్మ కంచం వైపే చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "నేను మా అత్తగారింట్లో దొడ్డి గుమ్మంలో నుంచుని తినేదాన్ని, పదిహేనేళ్ళు. ఆ వాము డబ్బా నాకోసం పెట్టుకున్నదే. నీకు ఉబ్బరం ఎందుకు వస్తందో నాకు తట్టలేదు చూడు."

అమ్మకి పూర్తిగా నయమైందని చెప్పను, అలసందలు తిన్న రోజున మంచం పట్టె పట్టుకునేది. కానీ మంచం పట్టె రోజులు వేళ్ళ మీదికి వచ్చాయి. మగపిల్లాడి ఆశ మామ్మకి పోయిందనీ చెప్పను, ఎవరి కొడుకైనా వీధిలో కనిపిస్తే కాస్త ఎక్కువసేపే చూసేది. అయితే రోజూ అమ్మ భోజనమయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ క్రిస్మసుకి జంతికల పిండి కలుపుతూ డబ్బా మూత తీస్తే, ఆషాఢంలో నింపిన వాము సగానికి పైగా అలాగే ఉంది.

తాతగారూ మామ్మా వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పీటలు లేవు, పులుసులో కథలు లేవు, ఎదురుగా కూర్చుని కంచం వైపు చూసే మనిషి లేదు. నా పెనిమిటి, పిల్లలు ఎవరి వేళకి వాళ్ళు ఫోను చూసుకుంటూ తింటారు, నేను ఆఫీసు హడావుడిలో గ్యాసు పొయ్యి గట్టు దగ్గర నుంచుని తింటాను. మావగారు లేరు, అత్తగారు లేరు, నన్ను నుంచోమన్నవాళ్ళు ఎవరూ లేరు. డబ్బా మాత్రం నెలనెలా నింపుతున్నాను.

అమ్మ పిఠాపురంలో మా చెల్లి దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను చేస్తుంది. లోకంలో అమ్మలందరూ తిన్నావా అని అడుగుతారు, మా అమ్మ ఇంకోలా అడుగుతుంది. ఇవాళ ఆఫీసుకి సెలవు, ఇంట్లోనే ఉన్నాను, ఇవాళా అడిగింది.

"కూర్చున్నావా?"

"ఆఁ, కూర్చున్నానమ్మా" అన్నాను. ఎడమ చేతిలో కంచం ఉంది, చెంబు గట్టు మీద ఉంది. అన్నాక సిగ్గేసి, చప్పుడు కాకుండా వంటింటి నేల మీద కూర్చోబోయాను గానీ కంచం నేలకి తగిలి ఖంగుమంది.

"ఇప్పుడు కూర్చున్నావు" అంది అమ్మ. "సరే, నమిలి తిను. నేను లైన్లోనే ఉంటాను."