మొక్కు కోడి కాలి దారం

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. పీటలు చాలకపోతే చాప పరుచుకోండి. మోకాళ్ల నెప్పులున్న మన ఈడు వాళ్లు గోడకి చేరగిలబడండి. నేను చెప్పబోయేదీ కాళ్ల సంగతే, కాకపోతే మనవి కావు, కోళ్లవి.

మొన్న నందిగామలో నా కూతురి కూతురింటికి వెళ్లాను. డాబా మీద నాటుకోళ్లు పెంచుకుంటోంది. అందులో ఓ ఎర్రపెట్ట ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని గెంతుతూ తిరుగుతోంది. మనవరాలి మొగుడు దాన్ని చూసి, "ఆదివారం దాకా ఎందుకు అమ్మమ్మా, ఇవాళే కోసేద్దాం" అన్నాడు. చూశారా, కుంటిది అనగానే మనిషికి కత్తే గుర్తొస్తుంది. "ముందు దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టు నాయనా, కూర సంగతి తర్వాత" అన్నాను. వేళ్ల సందున ఎక్కడిదో నైలాను పోగు చుట్టుకుని చర్మాన్ని కోస్తోంది. నెమ్మదిగా విప్పి తీశాను. ఆ పోగు నా చేతిలోకి రాగానే, ఎన్నో ఏళ్ల కిందటి పసుపు దారం ఒకటి కళ్ల ముందు ఆడింది.

నేను పుట్టి పెరిగింది వత్సవాయి పక్క పల్లెలో. బడికి పోయింది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. తక్కిన చదువంతా పంతొమ్మిది వందల యాభైల్లో మా నాయనమ్మ కొంగు పట్టుకుని పెరట్లో తిరిగి నేర్చుకున్నది. కుంటే కోడిని చూడగానే పట్టుకోనిచ్చేది కాదు ఆవిడ. పట్టుకుంటే బెదిరిపోయి బాధ దాచుకుంటుంది, ముందు గింజలు చల్లి నడక చూడమనేది. పాదం పూర్తిగా మోపుతోందా, వేళ్లు మాత్రమే ఆనిస్తోందా అని కనిపెట్టి, పొద్దువాలి గంప కింద చేరాక తీసి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. వేడి తెలియాలంటే అరచెయ్యి చాలదట, చెంప ఆనించాలట. అరికాలిలో నల్ల పెచ్చు కట్టి చుట్టూ గట్టిగా వాచిందంటే, అది నాపరాళ్ల గోడ మీంచి దూకి దూకి తెచ్చుకున్న పుండు. వేడి ఉప్పునీళ్లలో నానబెట్టి, పసుపూ ఆముదమూ పెట్టి గుడ్డ చుట్టి, అది దూకే చోట గడ్డి పరిచేది. పొలుసులు లేచి కాలు సున్నం కొట్టినట్టు గరుకుబారితే, లోపల కంటికానని పురుగు చేరినట్టు. కానుగనూనె పట్టించి, కోళ్లు పడుకునే చోటు ఊడ్చి బూడిద చల్లేది. ఎముక విరిగితే వెదురుబద్ద కట్టేది. కోడిపిల్లల కాళ్లు వంకరపోతే మాత్రం, వాటికి ఎండ మొహం చూపించకుండా మూసిపెట్టిన వాళ్లని తిట్టిపోసేది. ఒక్క కొక్కెర తెగులు ముందే ఆవిడ చేతులెత్తేసేది. కాళ్లు పడిపోయి మెడ తిరిగిపోయిన కోడిని తక్కిన వాటికి దూరంగా పెట్టి కళ్లొత్తుకునేది. "మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో ముందు తేల్చుకోవాలే పిల్లా, ఆ తర్వాతే దేవుణ్ణి పిలవాలి" అనేది. ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది.

అరవైల్లో నన్ను జగ్గయ్యపేట శివారుకి కోడలిగా పంపారు. కూతురు పుట్టింది. పాకే ఈడులో పెద్ద జ్వరం వచ్చి తగ్గాక, ఎడమ కాలిలో పట్టు పోయింది. తన ఈడు పిల్లలు వీధిలో పరుగులు పెడుతుంటే, నా బిడ్డ మాత్రం చేతుల మీద దేకుతూ వాళ్ల వంక చూసేది. పేటలో డాక్టరు సూదులు పొడిచాడు, నేను నువ్వులనూనెతో మర్దనా చేశాను. మా అత్తగారు తనకి తెలిసిన దారి పట్టింది. బాగా బలంగా ఉన్న కోడిపిల్లని, పుంజు అవుతుందని ఎంచి తెచ్చి, దాని కాలికి పసుపు దారం కట్టి, పిల్ల నడిస్తే జాతరకి ఈ పుంజుని ఇచ్చుకుంటానని అమ్మవారికి మొక్కుకుంది. ముడి వేస్తూ ఆవిడ ఏడ్చిన ఏడుపు నేనెరుగుదును. ఆవిడ చెడ్డది కాదు.

మా వైపు మొక్కు కోడికి ఉండే మర్యాదే వేరు. దాన్ని అదిలించకూడదు, మొక్కు తీరేదాకా ఆ దారం ముట్టుకోకూడదు, మేతలో మాత్రం మొదటి పిడికెడు దానిదే. అందుకని జొన్నలూ నూకలూ మింగి మింగి, తక్కిన కోళ్లకంటే ముందే ఏపుగా పెరిగింది. కోడి పెరిగితే కాలూ లావెక్కుతుంది కదా, దారం పెరగదు కదా? ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. ముట్టుకోకూడనిదాన్ని ఎవరు చూస్తారు! ఆ పక్క జొన్న కోతల్లో పడి నేనూ చూడలేదు. చూసేసరికి దారం చర్మంలోకి దిగిపోయి, దాని కింద పాదమంతా ఉబ్బి, పుంజు ఒంటికాలి మీద గెంతుతోంది. అది కూడా ఎడమ కాలే.

ఇంక చూడండి వాడకట్టు నోళ్లు! మా తోడికోడలు వాకిట్లోకి వస్తూనే, "అయ్యో అక్కా, అమ్మవారు చెప్పకనే చెప్పింది, నీ పిల్ల కాలూ ఇంతేనంట" అంది. మా అత్తగారు అన్నం మానేసి మూల కూర్చుంది. అవకరమున్న కోడిని అమ్మవారికి ఇవ్వకూడదు, అట్లాగని దారం తెంపకూడదు. తెంపితే మొక్కు తెగినట్టే, పిల్లకి ఏం జరిగినా తెంపిన చేతిదే పాపం. మా ఇంటాయన అటూ చెప్పలేక ఇటూ చెప్పలేక పొలానికి పోయాడు.

నేను పెరటి గుమ్మంలో నిలబడి పుంజునీ చూశాను, వాకిట్లో దేకుతున్న బిడ్డనీ చూశాను. బిడ్డ కాలు నా చేతిలో లేదు. పుంజు కాలు ఉంది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే దాని పాదం కుళ్లి ఊడిపోతుంది. చాటుగా తెంపి, దానంతటదే తెగిందని బొంకవచ్చు, నేనట్లా చెయ్యదలచుకోలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, వాకిలి నడుమ పీట వేసుకుని, బొగ్గుల మీద నీళ్లు కాచి ఉప్పు వేసి, పుంజుని ఒళ్లో పెట్టుకున్నాను.

"వద్దే! దారం తెంపితే మొక్కు తెగుద్దే!" అని అత్తగారు పరుగెత్తుకొచ్చింది.

"తెగితే నా నెత్తినే తెగనీయండి అత్తయ్యా. అమ్మవారు మీ దగ్గర కోడిని అడిగిందా, కోడి కాలుని అడిగిందా?"

"నీకేం పొయ్యేకాలమే, పసిపిల్ల తల్లివి!"

"తల్లిని కాబట్టే. ఒక్క కాలు కుంటితేనే చూడలేకపోతున్నా, రెండోది కూడా నా వాకిట్లో కుంటాలా?"

తోడికోడలు గోడవతల నించి, "డాక్టరమ్మ ఒచ్చిందండోయ్" అంది. అనుకోనిచ్చాను. వేడినీళ్లలో నానబెట్టి, మామగారి గడ్డం బ్లేడు మొనతో పైపోగు కోసి, తుమ్మముల్లుతో ఒక్కో పోగూ లాగాను. పుంజు నా మోచెయ్యి పొడిచింది. దాని బాధ దానిది. చివరి పోగూ వచ్చేసింది. పసుపూ ఆముదమూ పెట్టి, పాతచీర పేలిక వదులుగా చుట్టి, ఏటి ఇసుక పోయించి, దాని మీద పుంజుని ఉంచి గంప బోర్లించాను. రోజూ కట్టు విప్పి కడుగుతూ వచ్చాను. వాపు దిగింది, పాదంలోకి రంగు తిరిగింది, పుంజు మెల్లిగా కాలు మోపింది.

ఇక్కడే ఓ విచిత్రం. నా బిడ్డకి ఆ గంప లోపల పుంజు ఏం చేస్తోందో చూడాలని తహతహ. దేక్కుంటూ పోయి గంప బద్దలు పట్టుకుని వంగి చూసేది. పుంజు కూసినప్పుడల్లా పైకి లేవబోయేది. ఓ పొద్దున కల్లాపి చల్లుతూ తలెత్తి చూద్దును కదా, గంప అంచు పట్టుకుని నిలబడి ఉంది. తర్వాత గంపని నెట్టుకుంటూ, లోపల పుంజు గోల చేస్తుంటే కిలకిలా నవ్వుతూ, వాకిలంతా తిరిగింది. అత్తగారు అమ్మవారి దయ అంది. నేను గంప దయ అన్నాను. ఇద్దరం ఒకే కొంగుతో కళ్లు తుడుచుకున్నాం.

నడిచింది, కానీ ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది, ఇప్పటికీ. దారం తెంపబట్టే ఆ ఈడుపు మిగిలిందని వాడకట్టులో ఎన్నేళ్లో అన్నారు. నేను ఒక్కనాడూ తల దించలేదు. "తెంపకముందు నిలబడని పిల్ల తెంపాక నడిచింది, మీ లెక్కనే చూసుకోండి" అనేదాన్ని. నా లెక్కలో ఆ దారానికీ ఈ కాలికీ ఏ సంబంధమూ లేదు. నా కూతురు ఆ కాలితోనే మిరపచేల గట్లు తొక్కింది, ఆ కాలితోనే ముగ్గురు బిడ్డల్ని చంకనేసుకుని తిరిగింది. ఎవరన్నా కుంటిది అంటే, ఎవరూ కూర్చోకముందే పని ముగించుకుని కూర్చునేది.

పుంజు కాలికి దారం దిగిన గాడి మిగిలిపోవడంతో అది అమ్మవారికి పనికి రాకుండా పోయింది. మా గోడెక్కి కూస్తూ హాయిగా ముసలిదయింది. మొక్కు తీర్చడానికి అత్తగారు మరో కోడిపిల్లని తెచ్చింది. పసుపు దారం చేతిలో పట్టుకుని, నా వంక చూడకుండా, "ఇట్రా, వేలు పెట్టు" అంది. కాలికీ దారానికీ మధ్య నా చిటికెనవేలు ఉంచాను. ఆ పైన ముడి వేసింది. కోడి పెరిగేకొద్దీ వారం వారం తనే చూసి వదులు చేసింది. దారం ముట్టుకోకూడదన్న మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు. చూసి చూసి తోడికోడలు కూడా తన మొక్కు కోడిని పట్టుకొచ్చి, "అక్కా, కాస్త నీ వేలియ్యవా" అంది. ఇచ్చాను, ఇవ్వకేం.

ఇప్పుడు కోడి దుకాణంలో కాళ్లు తీసేసి, సంచిలో పెట్టి ఇస్తున్నారు. అది బతికుండగా నడిచిందో, కుంటిందో ఎవరికెరుక? కోడిని ఒళ్లో పెట్టుకుని అరికాలు తిప్పి చూసే వాళ్లు కరువైపోయారు. పనికిరాదు అనే మాట మాత్రం అప్పటికంటే తొందరగా నోట్లోకి వస్తోంది. ఆ మాట నా ముందు అనకండి, నేను వినను. మొన్నటి ఎర్రపెట్ట డాబా మీద రెండు కాళ్లతో తిరుగుతోంది, ఆదివారం పప్పుచారుతో గడిచింది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ వాకిట తిరిగే కాళ్లు, సాఫీగా నడిచేవైనా ఈడ్చి నడిచేవైనా, మీ గడప దాటి క్షేమంగా పోయి క్షేమంగా రావాలి. ప్రేమ కొద్దీ మీ ఇంట కట్టే ప్రతి ముడిలోనూ ఓ చిటికెనవేలు పట్టేంత చోటుండాలి.