అడుగు తగలని బురద

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే ఈ సంగతి ఇంతకు ముందు రాయలేకపోయాను.

అప్పట్లో కువైట్‌లో, జహ్రా అనే ఊళ్లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. బాతుల వేట కోసం మా యజమాని సముద్రం పక్కన చిత్తడి నేల కౌలుకు తీసుకున్నాడు. వేటకు ముందురోజు రెల్లు కోసి, నీళ్లలో ప్లాస్టిక్ బాతులు వదలమని నన్నూ, డ్రైవర్ ఖాదర్‌నూ పంపాడు. వాటిని చూసి నిజం బాతులు దిగుతాయట.

వరి నాట్లు వేసిన కాళ్లే కదా అని బురదలోకి దిగాను. మా కడప మడిలో మోకాలిలోతు దిగితే గట్టి నేల తగులుతుంది. ఇక్కడ తగల్లేదు. నడుము దాకా కూరుకుపోయాను. కాలు లాగేకొద్దీ ఇంకా లోపలికి పోతున్నాను.

“అక్కా, కదలాకు! ఎనక్కి పండుకో!” అని ఖాదర్ అరిచాడు. కోసిన రెల్లు మోపులు పరిచి, వాటి మీద పాక్కుంటూ వచ్చి, తలగుడ్డ అందించి నన్ను లాగాడు.

ఒడ్డుకు చేరాక, “బాతుల్ని ఇడవమంటే నువ్వే నాటుకుంటివేమక్కా!” అన్నాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. మిగిలిన బాతులను ఒడ్డు నుంచే విసిరి, ఇంటికొచ్చి వంట చేశాను.

మనసు మొద్దుబారితే భయం ఆలస్యంగా వస్తుందని అప్పటికి నాకు తెలియదు. మరుసటి రోజు పొద్దున టీ తీసుకెళ్తుంటే, “చేతులు ఎందుకలా వణుకుతున్నాయి?” అని మేము ‘మామా’ అని పిలిచే ఇంటావిడ అడిగింది. చూసుకుంటే నిజమే. ట్రే కింద పెట్టి, ఆమె ముందే నేల మీద కూర్చుని ఏడ్చాను.