బొల్లారంలో పీకిన గడ్డి

పిల్లలూ, నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చి, రైలెక్కి బొల్లారం వెళ్లాను. మా మేనమామ అక్కడ తెల్లదొరల గోల్ఫ్ మైదానంలో మాలీ.

ఒక దొరసాని మొదటి గుంత వైపు బంతిని కొట్టింది. బంతితో పాటు గడ్డిపెళ్ల లేచింది. మా చేనులో కలుపు తీసే చెయ్యి కదా నాది, దాన్ని తీసి, మన్ను దులిపి, ఎండనీ అని దారిలో పడేశాను.

"అయ్యో బిడ్డా, గది నీళ్లు పోసి పెంచే గడ్డి! ఇగ నా నౌకరి పోతది!" అన్నాడు మామ.

దొరసాని కోప్పడలేదు. తనే మోకాళ్ల మీద కూర్చుని ఆ పెళ్లను మళ్లీ అది లేచిన చోటే పెట్టి, కాలితో నొక్కమని నాకు సైగ చేసింది. నొక్కాను. మామ ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికొచ్చాక చేనులో కలుపు పీకి, మళ్లీ నాటి, కాలితో నొక్కాను.

"ఏందే, గడ్డి పండిస్తవా?" అంది అమ్మ.